రెండు మూసీలు, రెండు పాలేరులు: నదీనామాల పునరావృత్తి - ఒక పరిశీలన

గచ్చిబౌలి అన్న పేరులో దాపరికమేమీ లేదు. సున్నపు గచ్చు చేసిన దిగుడుబావి ఆ ఊరికి పేరైంది. గచ్చు పారసీకం నుంచి వచ్చి తెలుగులో స్థిరపడిన మాట. బౌలి ఉర్దూ ద్వారా వచ్చినది. పుత్లీబౌలి, దూద్‌బౌలి హైదరాబాదులోనే ఉన్నాయి. ఇటువంటి వర్ణనాత్మక నామం మరొకచోట కనిపించినంత మాత్రాన జనుల వలసను ఊహించనక్కరలేదు. ఈ ఊరికి చేరువలో, గండిపేట వద్ద ఉస్మాన్‌సాగర్ ఆనకట్టతో నిలిచిన మూసీ విషయం వేరు. ఆ పేరుకు అర్థం పైకి తెలియదు. పైగా తెలుగునేలపై మూసీలు రెండు.

అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. రెండవ మూసీ ఒంగోలు సీమలో ప్రవహించి నేరుగా బంగాళాఖాతం చేరుతుంది. అంతటితో ఆగితే యాదృచ్ఛికమనవచ్చు. కృష్ణ ఎడమగట్టున మూసీ దాటిన తరువాత వచ్చే ఉపనది పాలేరు, ఆపై మున్నేరు. ఒంగోలు తీరాన మూసీకి దక్షిణంగా ఉన్నది పాలేరు, ఆపై మన్నేరు. మున్నేరు, మన్నేరు ఒకే పేరు కావు. చెవికి దగ్గరైనంత మాత్రాన వాటిని ఈ లెక్కలో చేర్చరాదు. కాని మూసీ-పాలేరుల జంట, అదే వరుసలో, రెండుచోట్లా ఉన్నది.

ఈ జంటలోనూ రెండు పేర్ల సాక్ష్యబలం సమానం కాదు. పాలేరు పాలవంటి ఏరు కావచ్చు, ‘పాలు’ అంటే వాటా గనుక పంచుకొన్న ఏరూ కావచ్చు. సేద్యగాని పేరైన ‘పాలేరు’తో ముడిపెట్టడం మాత్రం సరదాకే పనికివస్తుంది. ఏ అర్థం తీసుకొన్నా అది గచ్చిబౌలి వంటి పేరే, ఎక్కడైనా విడిగా పుట్టగలదు. ఖమ్మం జిల్లాలో ఆ ఏటి పేరు ఊరికీ, జలాశయానికీ, శాసనసభా నియోజకవర్గానికీ సంక్రమించింది.

మూసీకి ప్రచారంలో ఉన్న రెండు నిర్వచనాలూ హైదరాబాదు నదినే ఎరుగును. ఒకటి అనంతగిరి ముచుకుందుని కథ, మరొకటి లంగర్‌హౌజ్ వద్ద కలిసే మూసీ, ఈసీలను మూసా, ఈసా ప్రవక్తలకు ముడిపెట్టేది. తీరపు మూసీకి ఈ రెండూ వర్తించవు. వర్తింపజేయాలంటే పేరు తెలంగాణ నుంచి తీరానికి వలసపోయిందని ముందుగా నిరూపించాలి. అట్లని రెండు మూసీలకూ మూలమొకటేనని తేల్చడమూ తొందరపాటే. సుమత్రాలో పాలెంబాంగ్ నగరం గుండా పారే నది పేరూ మూసీయే. దానికి తెలుగుతో చుట్టరికం కలిపేవారు అరుదు.

శాసనపాఠకునికి ఇది వట్టి వ్యుత్పత్తి చర్చ కాదు. పొలిమేరలలో ఒక నదిపేరు సందిగ్ధమైతే పక్కనున్న మరో నదిపేరుతో చోటును గుర్తించడం మనకు అలవాటు. ఇక్కడ ఆ పక్కపేరు కూడా జంటగానే ఉన్నది. మూసీ, పాలేరు కలిసి కనిపించినా సీమ తేలదు. ఈసీ కనిపిస్తే హైదరాబాదు వైపు, గుండ్లకమ్మ కనిపిస్తే ఒంగోలు వైపు చూడవచ్చు. ఆ రెండూ లేనప్పుడు చిన్న ఊళ్ల పేర్లను ఒక్కొక్కటిగా నేలమీద వెదకవలసిందే.