షబాకా శిలాఫలకం

నేటి సూడాన్ భూభాగంలో వెలసిన కుష్ రాజ్యపు అధిపతులు క్రీ.పూ. 8వ శతాబ్దంలో ఈజిప్టును జయించి, అచ్చటి 25వ రాజవంశంగా పాలన సాగించారు. ఆ వంశీయుడైన షబాకా, మెంఫిస్ నగరంలోని ప్తాహ్ దేవాలయానికి ఒక నల్లని శిలాఫలకాన్ని సమర్పించాడు. పూర్వుల గ్రంథమొకటి పురుగులు తిని శిథిలమై ఉండగా చూచి, దానిని శిలపై మరల లిఖింపజేసినట్లు అందులో చెప్పుకొన్నాడు.

ఆ శాసనంలోని సృష్టిక్రమం గంభీరమైనది. ప్తాహ్ దేవుడు హృదయంతో సంకల్పించాడు, జిహ్వతో ఉచ్చరించాడు. దేవతలు, సమస్త ప్రాణులు ఉద్భవించాయి. నేత్రాలు చూచినదీ, శ్రోత్రాలు విన్నదీ హృదయానికి చేరుతాయి; హృదయం నిశ్చయించినదానినే జిహ్వ పలుకుతుంది. ఈజిప్టువారికి హృదయమే బుద్ధిస్థానమని ఇచట గుర్తుంచుకోవాలి.

ఈ రచన అతిప్రాచీనమని తొలుత పండితులు తలచారు. షబాకా కాలంలోనే పురాతన శైలిలో కూర్చబడి ఉండవచ్చునని నేడు పలువురి అభిప్రాయం. అట్లే అయినను, విజేతయైన పరదేశీయుడు నూతన సిద్ధాంతకర్తనని చాటుకొనక, జీర్ణగ్రంథ రక్షకుడనని చెప్పుకొనుట నాకు అధిక విశేషంగా తోస్తున్నది. జయించిన దేశపు విద్యకు అతడు తలవంచాడు.

ఆ శిలకు మాత్రం రక్షణ లభించలేదు. అనంతరకాలంలో ఎవరో దాని నడుమ రంధ్రం తొలిచారు. తిరుగలిరాయిగా వాడారని బహుళాభిప్రాయం. మధ్యభాగపు అక్షరాలు అరిగిపోయాయి. 1805లో బ్రిటిష్ మ్యూజియం చేరిన ఆ ఫలకంలోని తత్త్వాన్ని 1901లో బ్రెస్టెడ్ అను పండితుడు, మిగిలిన పంక్తుల నుండి వెలికితీశాడు.