పేరులో మొదటి అక్షరం

చెరిపి మళ్ళీ రాయడం మన ఆడవాళ్ళకు కొత్తేం కాదు. తడిగుడ్డతో పలక తుడిచిందీ మనమే, నిన్నటి ముగ్గు ఊడ్చి ఇవాళ్టిది పెట్టేదీ మనమే.

కంప్యూటరు క్లాసుల రోజుల్లో ఆ పలక పని చేసింది ఫ్లాపీ. 1971లో ఐబీఎం వారు తెచ్చిన మొదటిది 8 అంగుళాలది. విచిత్రమేమిటంటే, వాడేవాళ్ళు దాని మీద రాయడానికి వీల్లేదు, యంత్రం చదువుకోవడమే! రాసి చెరిపే సదుపాయం 1973లో వచ్చింది. 1976లో 5.25 అంగుళాలది, 1980ల్లో 3.5 అంగుళాలది వచ్చాయి.

పొదుపు తెలిసినవాళ్ళు ఊరుకుంటారా? 5.25 అంగుళాల దానికి అంచున చిన్న గాటు ఉంటేనే రాయనిస్తుంది. గాటు లేనిదాన్ని కత్తెరతో కత్తిరిస్తే సరి! 3.5 దానికి మూలన కన్నం. అది తెరిచుంటే రాయనివ్వదు, టేపు అంటిస్తే రాయనిస్తుంది. 1990ల్లో అమెరికాలో ఏఓఎల్ వారు ప్రచారానికి ఊరికే పంపిన ఫ్లాపీలను ఇలాగే టేపు వేసి వాడుకున్నారు జనం.

నేను నేర్చుకున్న చోట కొత్తవాళ్ళకు పాత బ్యాచి ఫ్లాపీలే ఇచ్చేవారు. నాదాని మీద ఒకదాని మీద ఒకటి మూడు చీటీలు! "డిలీట్ కొట్టి వాడుకోండమ్మా" అనేవారు సారు. డిలీట్ కొడితే చెరిగేదేమిటనుకున్నారు? డాస్‌లో ఫైలు పేరులో మొదటి అక్షరం! దాని బదులు ఓ గుర్తు పెట్టి, ఆ చోటు ఖాళీ అని లెక్క రాసుకుంటుందన్నమాట. ఇంకోటి వచ్చి మీద కూర్చునేదాకా లోపలి రాత అలాగే ఉంటుంది. 1991లో వచ్చిన ఎమ్మెస్-డాస్ 5లో 'అన్‌డిలీట్' అని కొడితే, పోయిన ఆ మొదటి అక్షరమేమిటో చెప్పమని మనల్నే అడిగేది. తోచిన అక్షరమేదో కొట్టాను.

తెర మీద ఉద్యోగానికి దరఖాస్తు! తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఇంటి నంబరు, పెళ్ళికావలసిన చెల్లెళ్ళు ఇద్దరని కూడా. సగంలో ఆగిపోయింది. పాపం, పూర్తిచేసిందో లేదో, ఉద్యోగం వచ్చిందో లేదో! ఓ ఆడపిల్ల ఇంటి గుట్టు అలా చేతులు మారుతుంటే ఎవరికీ పట్టలేదు.

'ఫార్మాట్ ఏ:' పక్కన '/యు' చేర్చి కొడితే, పొలం మళ్ళీ దున్నినట్టు పాత రాతంతా పోతుంది. కాస్త టైము పడుతుంది, అంతే. ఆ పని చేసి, మా బ్యాచి అమ్మాయిలందరికీ చూపించాను.

సోనీ వారు 2011లో జపానులో ఫ్లాపీల అమ్మకం ఆపేశారు. మా బీరువాలో నావి ఓ పది ఉన్నాయి, చెరపనివే. ఏం రాసుకున్నానో చూద్దామంటే ఇంట్లో డ్రైవు లేదు.