విడాకుల చట్టము – ప్రతీకారహాస్యము
'ది ఫస్ట్ వైవ్స్ క్లబ్' చిత్రముపై చారిత్రక పరిశీలనము

వివాహవ్యవస్థ చరిత్రను వ్రాయువారు శాసనములను, న్యాయస్థానముల తీర్పులను, జనాభా లెక్కలను ప్రమాణములుగా గ్రహింతురు. ప్రహసనములను గూడ గ్రహింపవచ్చునని తెలుగు పరిశోధకులకు వేరుగా జెప్ప నవసరము లేదు. 'కన్యాశుల్కము' నాటకమును, కందుకూరి వీరేశలింగము పంతులుగారి ప్రహసనములను ఆనాటి వివాహాచారములకు సాక్ష్యములుగా మనము చిరకాలమునుండి చదువుచున్నాము. ఆ పద్ధతినే అమెరికా దేశమున 1996వ సంవత్సరమున వెలువడిన యొక హాస్యచిత్రమునకు అన్వయించి చూచుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. ఆ చిత్రము పేరు 'ది ఫస్ట్ వైవ్స్ క్లబ్', అనగా 'తొలిభార్యల సంఘము'.

ఒలీవియా గోల్డ్‌స్మిత్ 1992లో ప్రకటించిన నవల దీనికి మూలము. రాబర్ట్ హార్లింగ్ చిత్రరచన చేయగా హ్యూ విల్సన్ దర్శకత్వము వహించెను. పారామౌంట్ సంస్థ దీనిని 1996 సెప్టెంబరు మాసమున విడుదల చేసెను. బెట్ మిడ్లర్, గోల్డీ హాన్, డయాన్ కీటన్ నాయికలు. ముగ్గురును 1945–46 సంవత్సరములలో జన్మించినవారు. చిత్రము వెలువడునాటికి ఏబదియేండ్ల ప్రాయమువారు. ఆ వయస్సు స్త్రీలు నాయికలుగా గల చిత్రమునకు అమెరికా, కెనడాలలోనే 10 కోట్ల డాలర్లకు మించి రాబడి వచ్చెను. ప్రపంచమంతట వచ్చినది సుమారు 18 కోట్ల డాలర్లు.

కథ సంగ్రహముగా నిట్టిది. 1969లో మిడిల్‌బరీ కళాశాలనుండి పట్టభద్రులైన నలుగురు స్నేహితురాండ్రలో సింథియా యను నామె తన భర్త ఐశ్వర్యమునకు తోడ్పడినది. అతడు ఆమెను విడిచి వయస్సులో చిన్నదానిని పెండ్లాడగా ఆమె ప్రాణత్యాగము చేసికొనును. ఆమె అంత్యక్రియలయందు మిగిలిన మువ్వురు చిరకాలమునకు కలసికొందురు. మువ్వురి స్థితియు నొక్కటే. బ్రెండా భర్త విద్యుత్పరికరముల దుకాణములకు యజమాని, పడుచుపిల్లను చేరదీసినాడు. ఎలీస్ సినీతార, ఆమె భర్త యైన నిర్మాత విడాకులతోపాటు ఆస్తిలో సగమును, పైగా మనోవర్తిని గోరుచున్నాడు. యానీ భర్త వాణిజ్యప్రకటనల వ్యాపారి. దంపతులకు మానసికచికిత్స చేయుచున్న స్త్రీతోనే సంబంధము పెట్టుకొన్నాడు. మువ్వురును సంఘముగా నేర్పడి భర్తలమీద పగ దీర్చుకొందురు.

ఈ పగకు కారణము పైపైన జూచినచో అవమానము. కాని చిత్రమందలి సన్నివేశములను వరుసగా బరిశీలించినచో వీరు సాధింపదలచినది దండనము కాదనియు, లెక్కల పరిష్కారమనియు తేలును. న్యాయస్థానము తీర్పరాని దావాను హాస్యము తీర్చినది. ఈ మాట సమంజసమో కాదో తెలియుటకు విడాకుల చట్టముయొక్క చరిత్రను గొంత చూడవలసియున్నది.

కథ జరిగినది న్యూయార్కు నగరమున. ఆ రాష్ట్రమున 1787 మొదలు 1966 వరకు విడాకులకు వ్యభిచార మొక్కటే కారణముగా నంగీకరింపబడెను. పరస్పర సమ్మతి గల దంపతులు సైతము లేని వ్యభిచారమును కల్పించి సాక్ష్యము చూపవలసివచ్చెడిది. ధనము గలవారు పరరాష్ట్రములకు బోయెడివారు. నెవాడా రాష్ట్రము 1931లో నివాసకాలమును ఆరు వారములకు తగ్గించుటతో అచ్చటి రీనో పట్టణము విడాకులకు పేరుపొందెను.

ఆ కాలపు హాస్యచిత్రములు ఈ చట్టముయొక్క నీడలోనే పెరిగినవి. 1937లో లియో మెక్‌కేరీ తీసిన 'ది ఆఫుల్ ట్రూత్' చిత్రమున దంపతులు పరస్పరానుమానముచే విడిపోదురు. న్యాయాధిపతి యెదుట వారి వివాదము పెంపుడుకుక్క యెవరికి జెందునను విషయముపై నడచును. విడాకులు సంపూర్ణములగు గడియ సమీపించుచుండగా వారు మరల నొకటగుదురు. 'ది ఫిలడెల్ఫియా స్టోరీ' (1940) లో రెండవ పెండ్లికి సిద్ధపడిన నాయిక తుదకు మొదటి భర్తనే వరించును. 'ది విమెన్' (1939) చిత్రమున తెరపై పురుషపాత్ర యొక్కటియు కానరాదు. నాయిక రీనోకు బోయి విడాకులు పొందియు తుదకు భర్తను తిరిగి పొందును. స్టాన్లీ కావెల్ 1981లో ప్రకటించిన గ్రంథమున ఇట్టివానిలో కొన్నిటికి 'పునర్వివాహ హాస్యము' అని పేరిడి విమర్శించెను. విడాకులు ఈ చిత్రములలో ఒక పరీక్ష, పునస్సంధానము ఫలము. భర్త వేరొకతెను గోరుట తాత్కాలికమైన మతిభ్రమగా చిత్రితమైనది గాని భార్య వెచ్చించిన సంవత్సరముల విలువ యెంత యను ప్రశ్న వీనిలో నెచ్చటను రాలేదు. విడిపోయినవారు మరల నేకమగునపుడు ఆ ప్రశ్నకు తావు లేదు గదా.

1966లో న్యూయార్కు శాసనసభ క్రౌర్యము, పరిత్యాగము మున్నగు కారణములను జేర్చెను. అంతకంటె గొప్ప మార్పు కాలిఫోర్నియాలో జరిగెను. 1969లో నాటి గవర్నరు రోనాల్డ్ రీగన్ సంతకము చేయగా 1970 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన కుటుంబచట్టము దోషనిరూపణ మక్కరలేని విడాకులను బ్రవేశపెట్టెను. ఇతర రాష్ట్రము లనేకము లా మార్గమును ద్రొక్కెను. చిత్రమందలి నాయికలు కళాశాల విడిచిన సంవత్సరము 1969 యగుట రచయిత బుద్ధిపూర్వకముగా జేసినదో కాదో నిర్ణయింప నక్కరలేదు. ఆ తరమువారు తమ తల్లుల కాలపు నియమములతో సంసారములు ప్రారంభించి, క్రొత్త నియమముల కాలమున వానిని ముగించిరనుట మాత్రము చారిత్రక సత్యము.

న్యూయార్కు 1996 నాటికి ఈ మార్గమును పూర్తిగా ద్రొక్కలేదు. విడాకులు కోరువారు ఒప్పందముపై వేరుగా నివసించినచో నొక దారి కలదు; లేనిచో దోషమును నిరూపింపవలెను. ఐనను ఆస్తివిభాగమునకు వేరొక నియమము. 1980 నాటి చట్టము వివాహకాలమున నార్జించిన సొత్తును న్యాయానుసారముగా బంచవలెనని విధించెను. 1985లో ఓబ్రయెన్ దంపతుల వ్యాజ్యమున ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము రెండు విషయములను స్పష్టపరచెను. భార్య ఉద్యోగము చేసి భర్తను వైద్యవిద్య చదివింపగా నతడు పొందిన వైద్యానుమతి సైతము దంపతుల ఉమ్మడి సొత్తే యగుట మొదటిది. అత్యంత దారుణములైన సందర్భములందు దప్ప ఆస్తివిభాగమున దాంపత్యదోషమును గణింపరాదనుట రెండవది. విడిపోవుటకు దోషము కావలెను, పంచుకొనుటకు దోషముతో బనిలేదు. ఈ రెండు నియమముల నడుమ నున్న ఖాళీస్థలమే మన చిత్రమునకు రంగస్థలము.

ఇప్పుడు మువ్వురి ప్రతీకారములను చూతము. భర్త వ్యాపారమును కట్టినప్పుడు ప్రక్కన నిలచిన భార్య బ్రెండా. ఓబ్రయెన్ తీర్పులోని వైద్యుని భార్యయు నిట్టిదే. అయితే బ్రెండా కోర్టుకు బోదు. వ్యాపారారంభమున భర్త దొంగసరకు కొన్న రహస్యమును వెలికిదీసి అతనిని లొంగదీయును. ఎలీస్ విషయము విపరీతము. మనోవర్తిని భర్తలే చెల్లింపవలెనను అలబామా చట్టమును 1979లో ఆర్ వ్యాజ్యమున అమెరికా సుప్రీముకోర్టు కొట్టివేసెను. భార్యయే అధికముగా నార్జించినచో భర్త మనోవర్తి నడుగవచ్చును. స్త్రీపురుషసమత్వము పేరిట వచ్చిన తీర్పు ఎలీస్ నెత్తిన భారమైనది. ఆమె ఉమ్మడి వస్తువులను యానీకి ఒక డాలరు వెలకు విక్రయించి భర్త యాసను వమ్ముచేయును. యానీ తన భర్త సంస్థలోని భాగస్వాముల వాటాలను గొని సంస్థనే హస్తగతము చేసికొనును. మూడింటను ఆయుధము ఆస్తియే. భర్తల దేహములకు గాయము లేదు, కారాగారము లేదు. గృహమున వెచ్చించిన శ్రమకు వెల కట్టి వసూలు చేయుటయే ఇందలి పగ.

హాస్యమునకు ఇది యెట్లు లొంగినదను ప్రశ్న లాక్షణికులకు సహజముగా తోచును. పగకు మూలము క్రోధము. క్రోధము రౌద్రమునకు స్థాయి. భరతముని హాస్యము శృంగారమునుండి పుట్టునని చెప్పెను గాని రౌద్రమునుండి కాదు. ఇచ్చట శృంగారము వికృతమై భర్తలయందు ముందే హాస్యాస్పదముగా నిలచియున్నది. ఏబదియేండ్లవాడు పడుచువాని వేషము వేయుటయే విభావము. భార్యల క్రోధము దానిని బయటపెట్టు సాధనము. 1989 నాటి 'షీ-డెవిల్' చిత్రముతో బోల్చిన నిది స్పష్టమగును. ఫే వెల్డన్ నవల ఆధారముగా వచ్చిన యా చిత్రమున పరిత్యక్త యగు భార్య ఒంటరిగా గృహమును దగ్ధము చేసి భర్త జీవితమును ధ్వంసము చేయును. అచ్చట హాస్యము రౌద్రపు టంచున నడచినది. 1996 చిత్రమున మువ్వురు కలసి సమావేశములు జరిపి పద్ధతి ప్రకారము పనిచేయుదురు. క్రోధము వ్యవహారముగా మారగానే ప్రేక్షకుడు నిర్భయముగా నవ్వగలిగెను.

ఈ చిత్రమును ఎంతవరకు సాక్ష్యముగా గ్రహింపవచ్చును? ఇచ్చట పరిశోధకుడు జాగ్రత్త వహింపవలెను. 1985లో లెనోర్ వైట్జ్‌మన్ 'ది డైవోర్స్ రివల్యూషన్' అను గ్రంథమున విడాకుల పిదప స్త్రీల జీవనప్రమాణము నూటికి 73 వంతులు తగ్గి, పురుషులది 42 వంతులు పెరిగినదని ప్రకటించెను. ఈ అంకెలు పత్రికలయందును శాసనసభలయందును దశాబ్దమునకు పైగా వినబడెను. సరిగా 1996లో, అనగా మన చిత్రము వచ్చిన యేటనే, రిచర్డ్ పీటర్సన్ ఆ సామగ్రినే మరల లెక్కించి తగ్గుదల 27 వంతులు, పెరుగుదల 10 వంతులు మాత్రమే యని నిరూపించెను. పొరపాటును గ్రంథకర్త్రియు అంగీకరించెను. అంకె మారినను దిక్కు మారలేదు. నష్టము స్త్రీ పక్షముననే యున్నది. కాని ఆ నష్టమును అనుభవించినది అద్దె చెల్లింపలేక, పిల్లలను పోషింపలేక సతమతమైన సామాన్యస్త్రీ. చిత్రమందలి మువ్వురు అట్టివారు కారు. బ్రెండాకు ధనమున కొంత యిబ్బంది యున్నను మిగిలిన యిరువురు సంపన్నులు. కావున ఈ చిత్రము విడాకులు పొందిన స్త్రీల స్థితికి సాక్ష్యము గాదు. చట్టము లెక్కింపని శ్రమ యొకటి కలదను భావము సామాన్యప్రేక్షకుల మనస్సులయందు పాతుకొన్నదనుటకు సాక్ష్యము. ఈ భేదమును విస్మరించినచో హాస్యచిత్రమును గణాంకపత్రముగా జదివిన దోషము కలుగును.

మరియొక లోపమును గూడ గుర్తింపవలెను. చిత్రమందలి యువతులు ఎక్కువగా అపహాస్యమునకే గురియైనారు. భర్త చేసిన తప్పిదములో సగము పరిహాసము వారిపై పడినది. ఎలీస్ భర్త చేరదీసిన బాలిక యుక్తవయస్సు రానిదని తెలిసినపుడు నాయికలకు అది బెదిరింపునకు పనికివచ్చు రహస్యమే యైనది. ఆ బాలికకు జరిగినదేమి యను విచారణ లేదు. ఆధునిక విమర్శకుడు దీనిని దాటిపోరాదు.

ముగింపు విశేషార్థము కలది. భర్తలనుండి రాబట్టిన ధనముతో మువ్వురును సింథియా పేర ఆపన్నస్త్రీలకొక సహాయకేంద్రమును స్థాపింతురు. బ్రెండా భర్తతో రాజీపడును. పునర్వివాహ హాస్యముయొక్క పాత సంప్రదాయమునకు మిగిలిన జాడ యిది. యానీ, తిరిగివచ్చెదనన్న భర్తను తిరస్కరించును. 1930ల చిత్రమున నాయికకు దొరకెడి ఫలము 1996లో మువ్వురిలో నొక్కరికే దొరకెను. దానిని నిరాకరించుటయు శుభాంతమే యయ్యెను. ప్రతీకారము ముగ్గురు భర్తలతో నాగినది; సింథియా భర్త ఆ పట్టికలో లేడు. కథ కాతడే మూలము, కాని అతని లెక్కను అడుగవలసినది బ్రదికి లేదు.

తరువాతి చరిత్ర యీ వాదమును బలపరచుచున్నది. 2010లో న్యూయార్కు దోషనిరూపణ లేని విడాకులను అంగీకరించెను. అయినను ఆస్తి, మనోవర్తి, సంతానపోషణ విషయములు పరిష్కృతములు కానిదే అట్టి తీర్పు వెలువడరాదని అదే చట్టము నియమించెను. ఇక 2015లో చేసిన సవరణచే, భార్య తోడ్పాటుతో భర్త పొందిన యోగ్యతను పంచదగిన సొత్తుగా వెలకట్టు ఓబ్రయెన్ పద్ధతి తొలగినది; ఆ తోడ్పాటును ఇతరమగు సొత్తు పంచునపుడు గమనింపవచ్చునను నియమము మాత్రము మిగిలినది. బ్రెండా వంటి భార్య శ్రమకు వెల యెంత యను ప్రశ్న ఒక తీర్పులో జొచ్చి ఒక సవరణలో వెనుకకు జరిగినది. విడాకుల చట్టముల చరిత్రను పరిశోధించు విద్యార్థులు తీర్పుల ప్రక్కన ఆయా కాలపు ప్రహసనములను గూడ ఉంచి చదువవలెను. ఏ ఫిర్యాదును న్యాయస్థానము వినలేదో తెలిసికొనుటకు అవి తోడ్పడును.