కర్ర కంచె: సామాను, ఖర్చు అంచనా

చేను చుట్టూ గుంజలు పాతి, వాటికి అడ్డకర్రలు బిగించి కట్టేది కర్ర కంచె. జనగామ జిల్లాలో మండలమైన తరిగొప్పుల వంటి మెట్ట ప్రాంతంలో దీన్ని ముళ్లకంప దడితోనూ, రాతి కడీల కంచెతోనూ పోల్చుకుని లెక్క వేయాలి.

ఖర్చును తేల్చేది విస్తీర్ణం కాదు, చుట్టుకొలత. ఎకరం అంటే 40 గుంటలు, 43,560 చదరపు అడుగులు. చతురస్రంగా ఉంటే చుట్టూ 835 అడుగులు వస్తుంది. అదే ఎకరం 99 అడుగుల వెడల్పు, 440 అడుగుల పొడవుతో సాగితే 1,078 అవుతుంది. అన్నదమ్ముల పంపకాల్లో నిలువునా చీలిన చెలకలకు ఈ అదనపు భారం తప్పదు. పక్కపక్కనే చతురస్రంగా కుదిరిన నాలుగెకరాలకు నలుగురూ ఎవరి కంచె వారు వేసుకుంటే 3,340 అడుగులు కావాలి; కలిసి బయటి ఒడ్డుకే వేసుకుంటే 1,670 చాలు. కర్ర ధరలో బేరమాడి ఇంత మిగుల్చుకోవడం ఎవరివల్లా కాదు.

చతురస్రపు ఎకరానికి 12 అడుగుల గేటు పోగా 823 అడుగులు మిగులుతుంది. గుంజకు గుంజకు 8 అడుగులు వదిలితే 103 ఖాళీలు, 104 గుంజలు. గుంజ 7 అడుగులు. అందులో 2 అడుగులు భూమిలోకి పోతుంది. మూడు వరుసలకు 309 అడ్డకర్రలు కావాలి. గుంజల దగ్గర ఒకదానిపై ఒకటి రావడానికి ఒక్కోటి 9 అడుగులుండాలి. వంకరవి, పగిలినవి తీసేయాల్సి వస్తుంది కనుక 110 గుంజలు, 340 అడ్డకర్రలు తెప్పించుకోవడం మేలు. అడ్డకర్ర ఒక్కో కొసకు రెండు మొలల చొప్పున 1,236 పడతాయి.

లెక్క నడిచే తీరు కోసం గుంజ 150 రూపాయలు, అడ్డకర్ర 90 అనుకుందాం. గుంజలకు 16,500, అడ్డకర్రలకు 30,600 అవుతాయి. గుంజలను దూరంగా పాతినా అడ్డకర్రల మొత్తం పొడవు పెద్దగా తగ్గదు, పైగా అవి ఇంకా లావుగా ఉండాలి. ఒక వరుస తగ్గిస్తే మాత్రం 10,200 మిగులుతుంది. ఈ కర్రల ఖర్చుకు కిరాయి, గుంతల కూలి, మొలలు, గేటు విడిగా కలపాలి. రాయి తగిలే నేలలో గుంతల కూలి బాగా పెరుగుతుంది.

కర్రకు అసలు శత్రువు చెదలు. జామాయిల్, సరుగుడు సులువుగా దొరుకుతాయి గానీ, మందు పట్టించని కర్ర భూమట్టం దగ్గరే మొదట పుచ్చుతుంది. భూమిలోకి పోయే భాగానికి తారు పూయడం చాలామంది చేసేదే, అయితే పైపూత లోపలికి ఇంకదు. ఒత్తిడితో మందు ఎక్కించిన గుంజ ఖరీదైనా ఎక్కువ కాలం నిలుస్తుంది. అందుకే గుంజ ధరను అది నిలిచే ఏళ్లతో భాగించి చూడాలి. అలా చూస్తే రాతి కడీలు పాతి అడ్డకర్రలు మాత్రం కట్టుకోవడమే చాలా చోట్ల మెరుగు. టేకు వాడదలిస్తే నరకడానికి, తరలించడానికి అటవీశాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

మూడు వరుసల కంచె బర్రెలను, ఎడ్లను ఆపుతుంది. మేకలు సందుల్లోంచి దూరుతాయి, అడవి పందులు కింది కర్ర కిందుగా చొచ్చుకొస్తాయి, కోతులకు అది అడ్డే కాదు. మేకల కోసం కింది సందుకు తుమ్మకంప కుక్కాలి. ఆ కంప నరికి మోసే కూలినీ, ఏటా కొత్తది వేసే ఖర్చునూ అంచనాలో రాసుకోవాలి. పందుల భయంతో కంచెకు కరెంటు తీగ తగిలించడం నేరం. రాత్రి నీళ్లు పెట్టడానికి వెళ్లే రైతులనే అది బలి తీసుకుంటుంది.