జెండా నెత్తుట, జెండాను కాల్చుట



జాతీయపతాకమును కాల్చినవానిని చట్టము శిక్షింపవలెనా, వలదా యను చర్చ మన దేశమునందును, ఇతర దేశములయందును చాలకాలముగా జరుగుచున్నది. జాతికి జరిగిన అవమానమును సహింపరాదని కొందరందురు. అభిప్రాయము వెల్లడించినంతమాత్రమున చెరసాలకు పంపరాదని మరికొందరందురు. ఈ వాదము నందికొండ ప్రాంతమువారికి పరాయిది కాదు. జెండాపై శాసనము విధించిన ఫలమెట్లుండునో మన పూర్వులు స్వయముగా చూచినారు. అయితే ఆనాడు నేరమైనది జెండాను కాల్చుట కాదు, జెండా నెత్తుట.

నందికొండ కృష్ణకు ఉత్తరపు గట్టున నల్లగొండ జిల్లాలో నున్నది. ఆవలి గట్టు పల్నాడు. 1947 నాటికి ఈవలి గట్టు నిజాము రాజ్యము. ఆవలి గట్టు మద్రాసు రాజధానిలోని గుంటూరు జిల్లా. ఈ నదికే దిగువన బెజవాడలో 1921 లో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనపుడు పింగళి వెంకయ్యగారు గాంధీమహాత్మునికి జెండా నమూనా నొసంగిరి. దానినుండి క్రమముగా మార్పులు పొందివచ్చిన త్రివర్ణపతాకమును 1947 జూలై 22 న రాజ్యాంగ నిర్మాణసభ అంగీకరించెను. ఆ సంవత్సరము ఆగష్టు 15 న ఆవలి గట్టున ఆ పతాకము ప్రభుత్వపతాకము. ఈవలి గట్టున నిషిద్ధపతాకము. బట్ట యొకటే, రంగులొకటే. నడుమ నున్నది నది మాత్రమే. ఒక గట్టున దాని నెత్తుట పండుగ, రెండవ గట్టున దాని నెత్తుట ద్రోహము.

ఇట్లగుటకు కారణము తెలిసినదే. ఆంగ్లేయులు వెడలిన పిదప తాను స్వతంత్రుడనై యుందునని నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1947 జూనులో ప్రకటించెను. భారతయూనియనులో చేరవలెనని హైదరాబాదు స్టేటు కాంగ్రెసు ఆగష్టు 7 న ఉద్యమ మారంభించెను. ప్రభుత్వము త్రివర్ణపతాకము నెగురవేయుటను నిషేధించెను. ఆగష్టు 15 న స్వామి రామానందతీర్థ హైదరాబాదు సుల్తాను బజారులో పతాకము నెగురవేసి నిర్బంధింపబడిరి. అంతకు ముందే, 1946 లో, ఓరుగల్లు కోటలో జెండా యెగురవేసిన సందర్భమున మొగిలయ్య యను యువకుడు రజాకార్ల చేతిలో హతుడయ్యెను. 1947 సెప్టెంబరు 2 న పరకాలలో జెండా నెగురవేయ గుమిగూడిన జనులపై కాల్పులు జరుగగా పలువురు ప్రాణములు గోల్పోయిరి. తుదకు 1948 సెప్టెంబరు 13 న భారతసైన్యము ప్రవేశించుటయు, 17 న నిజాము లొంగిపోవుటయు జరిగినవి. అప్పటినుండి ఈ గట్టునను ఆ జెండా నిరాటంకముగా నెగిరినది.

ఈ చరిత్రనుండి నేను గ్రహించిన దొకటి కలదు. నిషేధము వలన జనులకు త్రివర్ణపతాకముపై మక్కువ తగ్గలేదు సరిగదా, మరింత పెరిగినది. అధికారబలము వెనుక నున్నను ఆసఫియా జెండాపై నట్టి మక్కువ పుట్టలేదు. చట్టము చేతిని కట్టగలదు, తలను వంచగలదు; మనస్సున గౌరవమును నాటజాలదు. పరకాలవారు తమంతట తాము వెళ్లినందుననే వారెత్తిన జెండాకు విలువ వచ్చినది.

ఇక ధర్మశాస్త్రము నేమి చెప్పుచున్నదో విచారింతము. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమున, దాటుటకు వేసిన సంక్రమమును గాని, ధ్వజమును గాని, యష్టిని గాని, ప్రతిమను గాని భేదించినవాడు దానినంతయు మరల సరిచేయవలెననియు, 500 పణములు దండుగ చెల్లింపవలెననియు విధింపబడినది. ధ్వజభేదనము దోషమే యని శాస్త్రము నిశ్చయించినది. కాని ఆ దోషమునకు చెప్పిన ప్రతిక్రియ చెరసాల కాదు. చెడగొట్టినదానిని నిలబెట్టుట మొదటిది, ధనదండము రెండవది.

మన నేటి చట్టము కఠినతరమైనది. దాని పుట్టుక గమనింపదగినది. 1955 లో ద్రావిడ కళగం నాయకుడు ఇ. వె. రామస్వామి నాయకర్, హిందీభాషను నిర్బంధముగా రుద్దుచున్నారని ఆగ్రహించి, ఆగష్టు 1 న జాతీయపతాకమును కాల్తునని ప్రకటించెను. అట్టి నిర్బంధ ముండదని ముఖ్యమంత్రి కామరాజు మాట యిచ్చినందున ఆ కార్యక్రమము ఆగిపోయెను. 1957 లో ఆ కళగమువారే రాజ్యాంగ ప్రతులను కాల్చ నిశ్చయింపగా మద్రాసు శాసనసభ మూడేండ్లవరకు శిక్ష విధించు చట్టము చేసెను. ఐనను ఆ నవంబరు 26 న ప్రతులు కాలినవి. వేలకొలది జనులు నిర్బంధింపబడిరి. ఒక మాట ఆపగలిగిన మంటను చెరసాల భయము ఆపలేకపోయినది.

1971 లో కేంద్రప్రభుత్వము దేశమంతటికిని జాతీయగౌరవమునకు జరుగు అవమానముల నివారణ చట్టమును చేసెను. జనులు చూచుచోట జెండాను కాల్చినను, చించినను, త్రొక్కినను, మాటచేత గాని చేతచేత గాని కించపరచినను మూడేండ్లవరకు ఖైదు, లేదా జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. కాని ఆ చట్టముననే ఒక వివరణ కలదు. చట్టసమ్మతమైన మార్గమున మార్పు కోరి జెండానో, రాజ్యాంగమునో, ప్రభుత్వచర్యలనో విమర్శించుట నేరము కాదని అందు స్పష్టముగా వ్రాయబడినది. ఈ వివరణను పెద్దలు తప్పక గుర్తుంచుకొనవలెను. ఏలయన, గ్రామములో నొకడు ప్రభుత్వమును నిందించిన మాత్రమున వానిని జెండాద్రోహి యని పోలీసుల కప్పగింప యత్నించువారు ఉండకపోరు.

మరియొక విశేషము. మంట యన్నంతనే అవమానము కాదు. 2002 జనవరి 26 న అమలునకు వచ్చిన జెండా నియమావళి ననుసరించి, చిరిగి మాసిన పతాకమును ఏకాంతమున, మర్యాదతో, కాల్చుటచేతనే పూర్తిగా నాశము చేయుట మేలు. పవిత్రమైనదానిని అగ్ని కర్పించుట మన యాచారమునకును సమ్మతమే. మరి ఆగష్టు 15 మరునాడు బడియావరణములలోను, వీధికాలువలలోను కాగితపు జెండాలు కాళ్లక్రింద నలుగుట నేను బడిపంతులుగా ఏటేట చూచితిని. ద్వేషించి కాల్చువాడు ఏ తరమునకో ఒకడు. మరచి త్రొక్కువారము మన మందరము. ఈ రెంటిలో దేనివలన పతాకము ఎక్కువ నొచ్చుచున్నదో మీరే చెప్పుడు.

2004 లో సుప్రీంకోర్టు, పౌరుడు గౌరవముతో జెండా నెగురవేయుట భావప్రకటన స్వాతంత్ర్యములో చేరినదని తీర్పు చెప్పెను. యుక్తమైన కట్టుబాట్లు ఉండవచ్చునని కూడ చెప్పెను. అమెరికాలోని అత్యున్నత న్యాయస్థానము 1989 లో ఇంకను ముందుకు పోయి, డాలసు నగరమున జెండా కాల్చిన జాన్సను అనువాని శిక్ష చెల్లదని, ఐదుగురు ఒకవైపు నలుగురు ఒకవైపుగా నిర్ణయించెను. ఆ దేశపు శాసనసభ వెంటనే చేసిన క్రొత్త చట్టమును 1990 లో అదే న్యాయస్థానము కొట్టివేసెను. అంతమాత్రమున ఆ దేశమున జెండాకు ఆదరము తగ్గలేదు. ఇండ్లముంగిళ్లలో నేటికిని అది ఎగురుచునే యున్నది.

పరకాలలో నెత్తురు చిందించినవారి జెండాను కాల్చినవానిని ఊరక విడువవచ్చునా యని మీరు ప్రశ్నింపవచ్చును. ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. ఆ మృతుల కుటుంబములకు అది గుండెకోత. కాని ఆ మృతులు దేనికొరకు పోరాడిరి? ఏ జెండాకు నమస్కరింపవలెనో ప్రభువు తుపాకితో నిర్ణయింపరాదనియే గదా! వారి పేరుతో మనము చెరసాల తలుపు తెరచినచో వారు ఎదిరించిన పద్ధతినే మరల తెచ్చుకొన్నవార మగుదుము. అదియుగాక, నిజాము చెరసాల జెండా యెత్తినవారిని వీరులను చేసినది. నేటి చెరసాల జెండా కాల్చినవానిని వాని పక్షమువారి దృష్టిలో అట్లే వీరుని చేయును.

కావున నా తీర్మానమిది. జెండాను కాల్చుట ఒప్పని నేను చెప్పను. అది తప్పు, ధర్మవిరుద్ధము. కాని దానికి మూడేండ్ల ఖైదు తగదు. మనువు చెప్పినట్లు జరిమానా విధించి, అట్టి జెండానే తన ఖర్చుతో చేయించి యిప్పింపవలెను. ఆ మంట ఇల్లుగాని మనిషిగాని కాల్చినచో దానికి వేరు చట్టము లున్నవి. వాని కోపమునకు న్యాయమైన కారణ మున్నదా యని, కామరాజువలె, ముందుగా విచారింపవలెను. చట్టము మారునంతవరకు దానిలోని వివరణను మరువక, తొందరపడి ఎవనిమీదను నేరము మోపకుండుట గ్రామపెద్దల విధి.

1955 డిసెంబరు 10 న నెహ్రూగారు నందికొండవద్ద నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. ఒకనాడు రెండు ప్రభుత్వములుగా, రెండు శాసనములుగా నుండిన గట్టులను నేడు ఆ ఆనకట్ట కలుపుచున్నది. ఇరుగట్టుల నిప్పు డెగురునది ఒకే పతాకము. దానిని మన పిల్లలు భయముచేత గాక తెలిసి గౌరవింతురు గాక.

సెలవు.