రేగడి బాటలో నాలుగు చక్రాలు

శ్రావణమాసంలో సోమవారమో గురువారమో ఉరుకుంద రోడ్డు మీద కాసేపు నిలబడితే మా ప్రాంతంలో తిరిగే బండ్లన్నీ ఒక్కచోట కనిపిస్తాయి. ఈరన్న స్వామి దర్శనానికి ట్రాక్టర్ ట్రాలీల మీద టార్పాలిన్లు కట్టుకుని, గిన్నెలు, బియ్యం, పొయ్యి కట్టెలతో సహా కుటుంబాలకు కుటుంబాలే దిగుతాయి. వాటి వెనక టాటా ఏస్‌లు, లగేజీ ఆటోలు, బొలెరోలు. కర్ణాటక వైపు నుంచి వచ్చేవీ అవే. మొక్కు తీరి ఊరికి చేరాక ఈ బండ్లు ఊరికే నిలబడవు. అదే ట్రాలీలో తెల్లారి పెంట ఎరువు చేనుకు పోతుంది, ఆ తర్వాత అదే ట్రాలీలో పత్తి ఆదోని మార్కెట్ యార్డుకు పోతుంది. దేవుడి పనికి ఒక బండి, పొలం పనికి ఒక బండి పెట్టుకునే స్తోమత మా దగ్గర ఎవరికుంది?

అమెరికాలో, ఆస్ట్రేలియాలో పశువులు పెంచే పెద్ద పెద్ద పొలాల్లో మాత్రం పొలానికే పుట్టిన బండి ఒకటుంది. దాన్ని సైడ్ బై సైడ్ అంటారు. ఇద్దరో ముగ్గురో పక్కపక్కన కూర్చుంటారు, కారులో లాగే స్టీరింగ్, తలపైన ఇనుప పైపుల చట్రం, వెనక దించి పోసే చిన్న తొట్టి, నాలుగు లావుపాటి మెత్తని టైర్లు. కంచె కర్రలు, గడ్డి మోపులు, దూడలకు దాణా, మందు కొట్టే ట్యాంకు, ఏవైనా మోస్తుంది. ఈ జాతి బండి ఒకటి మన దేశంలోనూ పుట్టింది. మూడేళ్లు కూడా నిండకుండానే పోయింది. అది ఎందుకు పోయిందో తెలియాలంటే ముందు మా నేల గురించి చెప్పాలి.

ఆదోని, కౌతాళం, ఎమ్మిగనూరు చుట్టుపక్కల చాలావరకు నల్లరేగడి. ఎండాకాలంలో కాలు ఇరుక్కునేంత నెర్రెలు విచ్చుతుంది. నాలుగు చినుకులు పడితే ఉబ్బి, జిగురెక్కి, చెప్పులకు అంటుకుని అడుగడుగుకూ బరువవుతుంది. పత్తికి ఇంతకంటే మంచి నేల లేదు, చక్రానికి ఇంతకంటే చెడ్డ నేల లేదు. పాతకాలపు ఎద్దుల బండికి చెక్క చక్రం, దానిచుట్టూ ఇనుప కమ్మి. బండి బరువంతా రెండు సన్నని కమ్మీల మీద పడేది. వానాకాలంలో ఇరుసు దాకా దిగబడితే దించి, ఎత్తి, మళ్లీ ఎక్కించడానికే పూట గడిచేది. ఎద్దుల మెడ మీద కాడి వేసే బరువు వేరే.

ఆ బండికి ఇనుప కమ్మి తీసేసి గాలి టైరు వేయడమే మొదటి మార్పు. టైర్ల బండి వచ్చాక అవే ఎద్దులు ఎక్కువ బరువు లాగాయి, తారురోడ్డూ పాడుకాలేదు. ఈ మార్పును దేశం మొత్తానికి లెక్కలు కట్టి చెప్పినాయన ఎన్.ఎస్. రామస్వామి. బెంగళూరు ఐఐఎంకు మొదటి డైరెక్టర్. మేనేజ్‌మెంట్ బోధించే మనిషి ఎద్దుల బండి పట్టుకోవడం ఏమిటని అప్పట్లో నవ్వినవాళ్లుండొచ్చు. కానీ దేశంలో కోటికి పైగా ఎద్దుల బండ్లున్నాయని, రైళ్లూ లారీలూ చేరని చోట సరుకంతా మోసేవి అవేనని, అయినా వాటి కాడి, ఇరుసు, చక్రం గురించి ఇంజినీర్లు ఆలోచించలేదని ఆయన 1970ల నుంచీ వాదిస్తూనే ఉన్నారు. ఆయన చెప్పిన మెరుగైన కాడీ, తేలికైన బండీ ఊళ్లలోకి పెద్దగా రాలేదు. పాత లారీ టైర్లు మాత్రం వచ్చాయి. ఊరి కమ్మరి, వడ్రంగి, వెల్డింగ్ షాపు కలిసి ఆ పని చేసేశారు.

టైరు ఎందుకు గెలిచిందో ఒక్క మాటలో చెప్పొచ్చు. నేల మీద టైరు వేసే ఒత్తిడి దాదాపుగా అందులో ఉన్న గాలి ఒత్తిడంత ఉంటుంది. ముప్పై పౌండ్లు దాటి గాలి పట్టిన టైరు తారురోడ్డు మీద బాగా దొర్లుతుంది, తడి రేగడిలో దిగబడుతుంది. పది పన్నెండు పౌండ్ల గాలితో ఉన్న వెడల్పాటి టైరు మట్టి మీద తేలిపోతుంది, రోడ్డెక్కితే మాత్రం గబగబా అరిగిపోతుంది. పొలం బండి చరిత్రంతా ఈ బేరంలోనే ఉంది.

ఈ బేరాన్ని ఒక కొసకు లాగి చూసింది హోండా. 1970లో అమెరికాలో అమ్మకానికి పెట్టిన మూడు చక్రాల బండికి బెలూన్ల లాంటి టైర్లు, వాటిలో రెండు పౌండ్ల గాలి. దాని పుట్టుకకు కారణం వ్యవసాయం కానేకాదు, చలికాలంలో మోటార్ సైకిళ్లు అమ్ముడుపోక ఖాళీగా కూర్చున్న డీలర్లు. మంచు మీదా ఇసుక మీదా ఆడుకోవడానికి చేసిన ఆ బండిని రైతులు పొలంలోకి తోలారు. మంచిదే, కానీ మూడు చక్రాలు, ఎత్తైన సీటు, మలుపులో ఒరిగిపోయే గుణం. పిల్లలు సహా చాలామంది చచ్చిపోయాక 1988లో అక్కడి ప్రభుత్వంతో ఒప్పందం కుదిరి మూడు చక్రాల వాటి అమ్మకం ఆగింది. అప్పటికే, 1982లో, సుజుకీ నాలుగో చక్రం చేర్చింది.

నాలుగు చక్రాలున్నా మోటార్ సైకిల్ మీద కూర్చున్నట్టు రెండు వైపులా కాళ్లు వేసి కూర్చోవాలి, తోడు మనిషికి చోటుండదు, బరువు పెట్టడానికి తొట్టి లేదు. పొలంలో పని ఒంటరిగా ఎవరు చేస్తారు? అందుకే 1988లో కవాసాకీ అమెరికాలో 'మ్యూల్' అన్న పేరుతో బెంచీ సీటు, స్టీరింగ్, వెనక దించే తొట్టి ఉన్న బండి తెచ్చింది. ఒక తరం గోల్ఫ్ బండికీ చిన్న ట్రక్కుకూ మధ్య రకం అని దాన్ని ఎగతాళి చేసి, తర్వాతి తరం దాన్నే కొనుక్కుంది. 1990ల మొదట్లో జాన్ డీర్ గేటర్ వచ్చింది. 1998లో పొలారిస్ రేంజర్ వచ్చింది, మొదటిదానికి ఆరు చక్రాలు.

పొలారిస్ కథలో మన రైతులకు నచ్చే ముక్క ఒకటుంది. కెనడా సరిహద్దులో రోసో అనే చిన్న ఊళ్లో 1954లో మొదలైన ఆ కంపెనీ చేసింది వ్యవసాయ పనిముట్లే, కోత తర్వాత గడ్డి ముక్కలు చేసే యంత్రాలే. చలికాలమంతా మంచు, పని లేదు. వర్క్‌షాపులోని వాళ్లే ఖాళీ సమయంలో మంచు మీద నడిచే బండి ఒకటి తయారు చేసుకున్నారు. మంచు బండ్లలో వాడిన బెల్టు గేరు, అంటే గేర్లు మార్చే పని లేకుండా బెల్టే వేగం సర్దుకునే పద్ధతి, తర్వాత పొలం బండ్లలోకి దిగింది. ఒక చేత్తో కంచె తీగ పట్టుకుని, ఇంకో చేత్తో తోలేవాడికి గేరు రాడ్డు లేకపోవడం ఎంత సుఖమో చెప్పనక్కర్లేదు.

అదే కాలంలో మనవైపు ప్రయాణం వేరే దారిలో జరిగింది. వెస్పా స్కూటర్ గీసిన కొరాడినో డాస్కానియోనే యుద్ధానంతర ఇటలీలో 1948లో దాని వెనక రెండు చక్రాలు, తొట్టి పెట్టి 'ఆపే' చేశాడు. దాని వారసులే మనం లగేజీ ఆటో అని పిలుచుకునేవి. ధర తక్కువ, సందుల్లో తిరుగుతుంది. కానీ తొట్టి నిండా బరువుతో కాలువ గట్టు మలుపు తిరిగిన వాళ్లకు ఆ ముందు చక్రం సంగతి తెలుసు.

2005 మేలో టాటా ఏస్ వచ్చింది. గిరీశ్ వాగ్ నాయకత్వంలో చిన్న బృందం ఊళ్లు తిరిగి మూడు చక్రాల బండి నడిపేవాళ్లను ఏం కావాలో అడిగింది. నాలుగు చక్రాలుంటే ఊళ్లో గౌరవం పెరుగుతుంది, పెళ్లి సంబంధం మంచిది వస్తుందని ఒకరు చెప్పారని ఆ కంపెనీవాళ్లే కథగా చెప్తారు. ఇంజన్‌కు కొత్తగా ఖర్చు పెట్టకుండా ఇండికా కారులోని నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్‌ను రెండు సిలిండర్లకు కుదించారు. 702 సీసీ, 16 హార్స్‌పవర్, ముప్పావు టన్ను మోత, రెండు లక్షల పాతిక వేల దగ్గర ధర. 2017 నాటికి ఆ కుటుంబం బండ్లు 20 లక్షలు అమ్ముడయ్యాయి. ఏస్‌లో పదిహేను డీఏపీ బస్తాలు చట్టప్రకారం వేయొచ్చు. చట్టప్రకారం ఎవరు వేస్తున్నారనేది వేరే విషయం.

అయితే ఏస్ రోడ్డు బండి. చిన్న చక్రాలు, వెనక చక్రాలకే శక్తి, గట్టి గాలి. కళ్లం దాకా వస్తుంది, వాన పడిన రోజు చేలో దిగదు. తారురోడ్డు నుంచి చేను దాకా ఉన్న ఆ చివరి ముక్క దారి, రస్తా అని పిలుచుకునేది, దానికి పరాయిదే.

ఆ ముక్కనే పట్టుకుంటామని వచ్చింది మల్టిక్స్. ఐషర్ మోటార్స్, పొలారిస్ చెరి సగం వాటాతో 2012లో కంపెనీ పెట్టి, జైపూర్ దగ్గర కూకస్‌లో ఫ్యాక్టరీ కట్టి, 2015 జూన్‌లో బండి దించాయి. జైపూర్ షోరూమ్ ధర రెండు లక్షల ముప్పై రెండు వేల నుంచి. అంటే సరిగ్గా ఏస్ వచ్చిన ధర దగ్గర, అదీ పదేళ్ల తర్వాత. ఒక సిలిండర్ గ్రీవ్స్ డీజిల్ ఇంజన్, 511 సీసీ, పది హార్స్‌పవర్ దగ్గర. ఐదుగురు కూర్చోవచ్చు, వెనక సీటు సర్దేస్తే 1,918 లీటర్ల సరుకు చోటు. నేలకు 225 మిల్లీమీటర్ల ఎత్తు. పొలారిస్ వాళ్ల అలవాటు ప్రకారం నాలుగు చక్రాలకూ మంచి సస్పెన్షన్, గుంతల్లో నడుము పోదు. అన్నిటికంటే ముచ్చటైనది, ఇంజన్ నుంచి మూడు కిలోవాట్ల కరెంటు తీసుకునే ఏర్పాటు. కరెంటు పోతే పెళ్లింట్లో దీపాలు వెలిగించొచ్చు, డ్రిల్లింగ్ మిషన్ తిప్పొచ్చు. మా దగ్గర బోరు మోటారుకు మాత్రం చాలదు, ఐదు హార్స్‌పవర్ మోటారే దాదాపు 3.7 కిలోవాట్లు అడుగుతుంది.

చిన్న వ్యాపారి పగలు సరుకు తోలుకుని సాయంత్రం పిల్లలను ఎక్కించుకునే బండి అని ప్రచారం చేశారు. అక్కడే నాకు తేడా కొట్టింది. పొలం బండి జాతిలో పుట్టినదాన్ని తీసుకొచ్చి, దానికి ఉన్న అసలు గొప్పతనాన్ని, అంటే నాలుగు చక్రాలకూ శక్తి, మెత్తని వెడల్పు టైరు, ఈ రెంటినీ తీసేసి ఊరి బజారులో నిలబెట్టారు. బజారులో అప్పటికే ఏస్ ఉంది, పాత మారుతి వ్యాన్ ఉంది. తలుపుల చోట గుడ్డ కట్టిన బండికి ఎవరు ఇంటి కారు హోదా ఇస్తారు? పెళ్లి సంబంధం మాట ఏస్ బృందం విన్నది, వీళ్లు వినలేదనిపిస్తుంది. అమ్మకాలు లేచి నిలబడలేదు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధన రానుండటంతో ఆ ఇంజన్‌ను మార్చే ఖర్చు పెట్టడం దండగని తేల్చి, 2018 మార్చిలోనే ఐషర్ ఆ కంపెనీని మూసేసింది. నా లెక్కలో అది యంత్రం ఓడిపోవడం కాదు, తప్పు బజారుకు పోవడం.

అసలు సిసలు సైడ్ బై సైడ్‌ను రైతు నేరుగా కొనుక్కోవచ్చు కదా అంటే, పొలారిస్ 2011లోనే ఇండియాలో దుకాణం తెరిచింది. కానీ అవి ఎక్కువగా రిసార్టుల్లో, సాహస క్రీడల మైదానాల్లో తిరిగాయి, ఎందుకంటే రోడ్డు మీద నంబరు ప్లేటు రాదు. దానికో విచిత్రమైన తోవ దొరికింది. 2019లో స్పోర్ట్స్‌మన్ 570 అనే, రెండు వైపులా కాళ్లు వేసి కూర్చునే బండిని వ్యవసాయ ట్రాక్టర్ కింద రిజిస్టర్ చేయించారు. అప్పటి ధర ఎనిమిది లక్షల దగ్గర. అంతకంటే తక్కువకు యాభై హార్స్‌పవర్ దగ్గరి ట్రాక్టర్ వచ్చేది. అది దున్నుతుంది, లాగుతుంది, తవ్వుతుంది, పెళ్లికూతురిని తీసుకొస్తుంది, శ్రావణంలో ఉరుకుందకు పోతుంది.

అందుకే తుంగభద్ర దిగువ కాలువ కింద ఐదెకరాలున్న రైతు ఎవరైనా నన్నడిగితే సైడ్ బై సైడ్ వద్దనే చెప్తాను. అది యాభై ఎకరాల పండ్లతోట ఉన్నవాడికి, సౌర ప్లాంటులో పలకలు తుడవడానికి తిరిగేవాడికి, గొర్రెల మందలు పెద్దగా పెంచేవాడికి పనికొస్తుంది. అలాంటివాళ్లు కొంటే చూడాల్సినవి ఇవి. తొట్టి మోత: పెద్ద రకాల్లో చాలావరకు 450 కిలోల దాకా మోస్తాయి, అంటే పది యూరియా బస్తాలు, అంతే. రేగడి మట్టి మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య చేరి చక్రాన్ని పట్టేస్తుంది, అక్కడ వేలు కాదు, అరచేయి పట్టేంత ఖాళీ ఉండాలి. బెల్టు గేరు బండికి బరువు లాగుతూ నెమ్మదిగా ఎక్కేటప్పుడు లో రేంజ్ వేయకపోతే బెల్టు కాలిపోతుంది. బెల్టు దగ్గర్లో దొరుకుతుందా, ఆదోనిలోనో కర్నూలులోనో మెకానిక్ ఉన్నాడా అన్నది ఇంజన్ సీసీ కంటే ముఖ్యం.

ఒరిగిపోయే గుణం సంగతి మాత్రం వేరుగా చెప్పాలి. 2003 చివర్లో వచ్చిన యమహా రైనో ఇరుకుగా, ఎత్తుగా ఉండేది. 2009లో అమెరికా వినియోగదారుల భద్రతా సంఘం యాభైకి పైగా ప్రమాదాలు పరిశీలించింది, వాటిలో 46 మంది చనిపోయారు. కంపెనీ అమ్మిన బండ్లకు ఉచితంగా వెనక చక్రాల వెడల్పు పెంచే స్పేసర్లు వేయించి, వెనక చక్రాల సస్పెన్షన్‌ను కలిపే స్వే బార్ తీయించింది. చనిపోయిన వాళ్లలో చాలామంది సీటు బెల్టు పెట్టుకోలేదు. తలపైన ఉన్న ఇనుప చట్రం బెల్టు కట్టుకున్నవాడినే కాపాడుతుంది. బెల్టు లేనివాడు బయటికి విసిరేయబడి అదే చట్రం కింద పడతాడు.

ఈ మాట సైడ్ బై సైడ్‌కే కాదు, ట్రాక్టర్ ట్రాలీకీ వర్తిస్తుంది. పత్తి తీతకు, మిరపకోతకు కూలీలను ట్రాలీ అంచుల మీద కూర్చోబెట్టి కాలువ గట్ల మీద తోలడం మానండి. ట్రాలీలో మనుషుల్ని ఎక్కించడానికి చట్టం ఒప్పుకోదు, బోల్తా పడితే బీమా డబ్బు కూడా కష్టమే.