నార్వే పశ్చిమ తీరం: శీతోష్ణస్థితి, ఋతువులు

నార్వే పశ్చిమ తీరంలోని బెర్గెన్ నగరం 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అయినా అక్కడ జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నాకు దిగదు. అట్లాంటిక్ ఆవలి ఒడ్డున, ఇంకా దక్షిణంగా 56 డిగ్రీల దగ్గరున్న కెనడా పట్టణం నెయిన్‌లో అదే నెల సగటు మైనస్ 15 కంటే తక్కువ. ఈ తేడాకు గల్ఫ్ స్ట్రీమ్ అనే వెచ్చని ప్రవాహమే కారణమని పాఠ్యపుస్తకాలు చాలాకాలంగా చెబుతూ వచ్చాయి. ఆ ప్రవాహం పాత్ర ఉన్నమాట నిజమే కానీ, బెర్గెన్ పరిసరాల వరకు పెద్ద వాటా గాలిది. సముద్రం వేసవిలో దాచుకున్న వేడిని చలికాలమంతా నైరుతి గాలులు ఒడ్డుకు చేరవేస్తాయి. ఆ గాలులే తేమనూ తెస్తాయి. అవి కొండలకు తగిలి పైకి లేవడంతో బెర్గెన్‌లో ఏటా 2,200 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. వర్షాలు శరత్కాలంలోనూ చలికాలం మొదట్లోనూ ఎక్కువ. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కాస్త తెరిపి ఉంటుంది. మే నెలలో హార్డాంగర్ ఫియోర్డ్ గట్ల మీద ఆపిల్ తోటలు పూతకొస్తాయి. జులై సగటు 15 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది.

ఈ వాతావరణం ఎంత సన్నని హద్దుల మధ్య నడుస్తుందో ఉత్తరాన లోఫోటెన్ దీవుల ఎండుచేపలను చూస్తే తెలుస్తుంది. అక్కడ కాడ్ చేపలను రెండేసి చొప్పున తోకల దగ్గర కట్టి, ఉప్పు వేయకుండా, ఫిబ్రవరి నుంచి మే దాకా కర్రల పందిళ్ళ మీద వేలాడదీస్తారు. చలి ముదిరితే కండ గడ్డకట్టి చెడుతుంది, ఎండ ముదిరితే ఈగలు ముసురుతాయి. ఉష్ణోగ్రత నెలల తరబడి సున్నాకు అటూ ఇటూగా ఉంటేనే చేప చక్కగా ఎండుతుంది. మధ్యయుగాల్లో బెర్గెన్‌ను పెద్ద రేవుగా నిలబెట్టింది ఈ సరుకే. 1360 ప్రాంతంలో జర్మన్ హాన్సా వర్తకులు అక్కడ తమ కార్యాలయం పెట్టింది దీనికోసమే.

ఈ తీరపు వెచ్చదనానికి కారణాల అన్వేషణ మాత్రం సముద్రంతో మొదలైంది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1769–70లో, నాన్‌టకెట్ నావికుడు టిమొతీ ఫోల్గర్ సాయంతో, గల్ఫ్ స్ట్రీమ్ పటం అచ్చువేయించాడు. 1855లో మాథ్యూ మౌరీ తన సముద్ర భూగోళ గ్రంథంలో ఐరోపాను వెచ్చగా ఉంచేది ఆ ప్రవాహమేనని గట్టిగా వాదించాడు. గాలి వైపు చూపు మళ్ళించింది బెర్గెనే. 1917లో అక్కడికి వచ్చిన వాతావరణ శాస్త్రవేత్త విల్హెల్మ్ బ్యెర్క్‌నెస్, తీరం పొడవునా పరిశీలన కేంద్రాలను పెంచాడు. వాటి లెక్కల ఆధారంగా ఆయన కుమారుడు యాకోబ్ 1919లో తుఫానుల నిర్మాణాన్ని వివరించాడు. 2002లో శీతోష్ణస్థితి శాస్త్రవేత్త రిచర్డ్ సీగర్ బృందం ఇంకో అడుగు ముందుకు వేసింది. సముద్ర ప్రవాహాలు మోసుకొచ్చే వేడి అట్లాంటిక్ రెండు ఒడ్డులనూ కొద్ది డిగ్రీల మేర వెచ్చబరుస్తుందే తప్ప, వాటి మధ్య ఉన్న పెద్ద తేడాను వివరించలేదని చూపింది. రాకీ పర్వతాలను దాటుతూ గాలి వంపు తిరగడం వల్ల అమెరికా తూర్పు తీరానికి ఉత్తరపు చలిగాలి, ఐరోపాకు నైరుతి గాలి దక్కుతున్నాయి. కెనడా పసిఫిక్ తీరంలోని వాంకూవర్ కూడా సముద్రం మీది పడమటి గాలుల వల్లే చలికాలంలో గడ్డకట్టకుండా ఉంటుంది.

గాలిదే పెద్ద వాటా అన్న ఈ వాదనకు రెండు బలమైన అభ్యంతరాలున్నాయి. దాదాపు 70 డిగ్రీల దగ్గరున్న ట్రోమ్సో రేవు చలికాలంలోనూ గడ్డకట్టదు. అంత ఉత్తరాన సముద్రపు మంచును దూరంగా ఉంచుతున్నది వెచ్చని ప్రవాహమే, సీగర్ బృందమూ దాన్ని ఒప్పుకుంది. రెండోది చరిత్ర నుంచి వచ్చేది: సుమారు 12,900 నుంచి 11,700 ఏళ్ళ క్రితం ఈ ప్రవాహం భాగమైన అట్లాంటిక్ సముద్ర ప్రసరణ మందగించినప్పుడు, బెర్గెన్ ప్రాంతంలో హిమఖండం మళ్ళీ ముందుకొచ్చింది. అయితే అప్పటి చలిలో చాలా భాగం సముద్రం మీద మంచు పరుచుకోవడం వల్ల వచ్చింది. నీటిపై మూత పడితే, గాలి ఎంత వీచినా తీసుకోవడానికి వేడి అందదు. అందుకే ప్రవాహం వాటాను అన్ని అక్షాంశాలకూ ఒకే కొలతతో చెప్పడం పొరపాటు: దక్షిణాన అది చిన్నది, మంచు అంచుకు దగ్గరయ్యేకొద్దీ పెద్దది. ఈ శతాబ్దంలో ఆ ప్రసరణ బలహీనపడే అవకాశం చాలా ఎక్కువని వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ సంఘం ఐపీసీసీ 2021 నివేదిక చెప్పింది కాబట్టి, బెర్గెన్‌కూ ట్రోమ్సోకూ అంచనాలు విడివిడిగా వేయాలి.